శనివారాల మైక్రోస్కోపు

ఆ నర్సింగ్ హోమ్‌ని ఎంచుకున్నది నేను. మా అమ్మాయి అడిగింది వాగు నీళ్ళు పరీక్ష చేసే ప్రాజెక్టు. వాళ్ళ హైస్కూల్లో సైన్స్ ఆనర్ సొసైటీ అని ఒకటుంది. సైన్సులో మంచి గ్రేడ్లు వచ్చే పిల్లల్ని చేర్చుకుంటారు. చేరినవాళ్ళు ఏడాదికి ఇరవై గంటలు ఏదో ఒక సేవ చేయాలి. చిన్నపిల్లల బడికి వెళ్ళి వంటసోడాలో వెనిగర్ పోసి పొంగించి చూపడం, పాత బ్యాటరీలు పోగుచేయడం, వాగుల్లో నీళ్ళు సీసాలకి పట్టి పరీక్షించడం, ఇలాంటివన్నమాట. ఇరవై గంటలూ పూర్తిచేస్తే గ్రాడ్యుయేషన్ రోజున మెడలో వేసుకోవడానికి సిల్కు తాడు ఇస్తారు. "మా రోజుల్లో మెడలో తాడు పడాలంటే పెళ్ళి కావాలే, మీకు ఇరవై గంటలు చాలా!" అని నేను నవ్వితే మా అమ్మాయికి ఆ హాస్యం అందలేదు. విడమరచి చెప్పబోతే "అమ్మా, ప్లీజ్" అంది.

ప్రాజెక్టులకి పేర్లు ఇచ్చే షీటు ఆదివారం పొద్దున ఆన్‌లైన్లో తెరిచారు. మా అమ్మాయి ఇంకా లేవలేదు. సీట్లు అయిపోతాయేమోనని నేనే లాగిన్ అయ్యాను. వాగు ప్రాజెక్టు టెక్సస్‌లో మేముండే ఫ్రిస్కో నుంచి అరగంట డ్రైవు, పైగా ఎండ, బురద, పాములు. మావారు అప్పట్లో కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ప్రాజెక్టు మీద ఉండి నెలకి రెండుసార్లు వచ్చేవారు. పిల్లకి ఇంకా లైసెన్సు రాలేదు, కాబట్టి డ్రైవింగంతా నాదే. జాబితాలో కింద ఒకటి కనిపించింది. శనివారాలు నర్సింగ్ హోమ్‌లో మైక్రోస్కోపులు పెట్టి పెద్దవాళ్ళకి చూపించడం. మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే ప్రసవాలు చేసే చిన్న ఆసుపత్రి కదా, ఇక్కడ అది కాదు. ఒంటరిగా ఉండలేని పెద్దవాళ్ళు, జబ్బుపడి తేరుకుంటున్నవాళ్ళు ఉండే చోటు. అది మేం సరుకులు కొనే ఇండియన్ స్టోర్‌కి రెండు సిగ్నళ్ళ అవతలే ఉంది. పిల్లని దింపేసి కూరలు కొనుక్కోవచ్చు. వెంటనే నొక్కేశాను.

లేచాక అది చూసి గోల పెట్టింది. "ఇట్స్ మై ప్రాజెక్ట్ అమ్మా! నువ్వెందుకు పిక్ చేశావ్?" అంది. ఇరవై గంటలు ఎక్కడైతే ఏమిటే, గంట గంటే కదా అన్నాను. నాకప్పుడు నిజంగా అలాగే అనిపించింది.

పదిన్నర నుంచి ఒంటిగంట దాకా, ఎనిమిది శనివారాలు. రెండున్నర ఎనిమిదులు ఇరవై. లెక్క సరిపోయింది, నా మనసు కుదుటపడింది.

మొదటి శనివారం అయ్యాక తిరిగి కారెక్కుతూనే అంది, "అమ్మా, అక్కడ ఒక తెలుగు ఆంటీ ఉంది. స్ట్రోక్ వచ్చింది. ఇంగ్లీష్ మొత్తం పోయిందంట. షీ జస్ట్ సిట్స్ అని చెప్పారు."

ఆవిడ సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది, కొంత మా అమ్మాయి వల్ల, కొంత ఆ తరవాత. కోస్తా నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చారు. ఆసుపత్రి ల్యాబులో రక్తం స్లయిడ్లు చూసే ఉద్యోగం, రిటైరయ్యేదాకా అదే. భర్త పోయారు. ఒక్కడే కొడుకు, జెర్సీ సిటీలో ఉంటాడు, నెలకోసారి ఆదివారం విమానంలో వచ్చి చూసి వెళ్తాడు. స్ట్రోక్‌తో కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. అన్నేళ్ళూ ఉద్యోగం చేసిన ఇంగ్లీషు తుడిచిపెట్టుకుపోయింది. తెలుగు మాత్రం లోపలెక్కడో ఉంది, పైకి రాదు. స్పీచ్ థెరపిస్టు అమెరికన్ అమ్మాయి, మంచిదే పాపం, బొమ్మల కార్డులు చూపించి యాపిల్, కప్, డాగ్ అనమనేది. ఆవిడ నోరు విప్పేవారు కాదు. అక్కడివాళ్ళు కాగితాల మీద మాటలు రానట్టే రాసుకున్నారు.

మరి ఆ శనివారమే ఆవిడ చేత మొదటి మాట పలికించింది మా అమ్మాయి తెలుగు. ఎంత గొప్ప తెలుగంటే, ఉల్లిపాయ లోపలి పల్చటి పొరని గాజుపలక మీద పరిచి, రంగు చుక్క వేసి, మైక్రోస్కోపు ఆవిడ ముందుకు జరిపి, "ఆంటీ, ఇది ఉల్లిపాయ చర్మం" అందట. ఆవిడ కంటికి గాజు ఆనించుకుని చూస్తూ, భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టారట. నవ్వి నవ్వి తలెత్తి, నోరు వంకరపోతుంటే కూడగట్టుకుని, "పొ... పొర" అన్నారట. మా అమ్మాయి మళ్ళీ కావాలని "చర్మం" అందట. ఆవిడ కోపంగా బల్ల మీద కొట్టి, "పొర!" అన్నారట.

ఇది కార్లో చెప్పి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. చర్మమేమిటే నీ మొహం, అన్నాను.

అక్కడి నుంచి ప్రతి శనివారం కొన్ని మాటలు తెచ్చేది. ఉప్పు రవ్వలు చూపిస్తే "ఉప్పు" అన్నారని, చెరువు నీళ్ళలో పురుగు ఈదుతుంటే "అయ్యో" అన్నారని. పాటయితే మొత్తం వస్తుందట, వాళ్ళ చర్చిలో పాడే తెలుగు పాట మొదలుపెడితే చరణాలకి చరణాలే వచ్చేస్తాయట, అదే మాటని విడిగా అడిగితే రాదట. "హౌ ఈజ్ దట్ పాజిబుల్ అమ్మా? బ్రెయిన్‌లో పాట వేరే చోట ఉంటుందా?" అని అడిగేది. నేను పార్కింగులోంచి వెనక్కి తీస్తూ, ఎవరైనా వస్తున్నారేమో చూస్తూ, "ఊఁ" అనేదాన్ని. ఇద్దరిదీ అరకొర తెలుగే. నా కూతురికి రాలేదు, ఆవిడకి వచ్చింది పోయింది. తప్పు మాట్లాడితే వెక్కిరించేవాళ్ళు లేనిచోట ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఇంటికి రాగానే ఒక కాగితం నా ముందు పెట్టేది. సొసైటీవాళ్ళ షీటు. తేదీ, లోపలికెళ్ళిన టైము, బయటికొచ్చిన టైము, తల్లిదండ్రుల సంతకం. వీటి పక్కన వెడల్పాటి గడి, ఏం చేశారో రాయడానికి. నేను గంటలు సరిగ్గా వేసిందో లేదో చూసి, పోపు మాడుతుంటే ఒక చేత్తో గరిట తిప్పుతూ, ఇంకో చేత్తో సంతకం గీకేసేదాన్ని. ఆ వెడల్పాటి గడిలో చీమల బారులా ఏదో రాసి ఉండేది. ఎనిమిది కాగితాల్లో ఒక్కటీ చదవలేదు. ఈ ముక్క రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఎనిమిదో శనివారం, ఆఖరి రోజు కదా, అక్కడివాళ్ళకి థాంక్స్ చెబుదామని నేనూ లోపలికి వెళ్ళాను. కార్లో ఫ్రోజెన్ పరాటాలు కరిగిపోతున్నాయని ఒక పక్క కంగారు. ఆవిడ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని మైక్రోస్కోపులోకి వంగి ఉన్నారు. ఎడంచేతి వేళ్ళు పక్కనున్న మీటని కొంచెం కొంచెంగా, ఎంత నేర్పుగా తిప్పుతున్నాయో. అన్నేళ్ళు చేసిన పని కదా, ఆ వేళ్ళు దాన్ని మరిచిపోలేదు. తెల్ల జుట్టు ఎవరో చక్కగా దువ్వి జడ వేశారు. మా అమ్మాయే వేసిందని కార్లో తెలిసింది. ఇంట్లో తన జడ తను వేసుకోని పిల్ల!

నన్ను చూసి ఆవిడకి అర్థమైపోయింది. చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నారు. నోరు తెరిచారు, గొంతు నరాలు ఉబ్బాయి. "అ... అమ్మాయి," అన్నారు. ఊపిరి తీసుకుని, "మంచి," అన్నారు. చెమట పట్టింది ఆవిడకి. నేను "మీ ఆశీర్వాదమండీ" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. మా అమ్మాయి వంగి ఆవిడ చెంపకి చెంప ఆనించి, "ఆంటీ, వెళ్ళొస్తా" అంది. ఆవిడ "రా" అన్నారు. ఒక్క అక్షరం, చాలా స్పష్టంగా. నేను కూడా "వెళ్ళొస్తామండీ" అనేసి, పరాటాలు గుర్తొచ్చి గబగబా నడిచాను.

కారు కదలగానే అది మొదలుపెట్టింది. "అమ్మా, వినవా. నెక్స్ట్ సాటర్‌డే స్పీచ్ థెరపిస్ట్ వస్తోంది, నా కోసమే. షీ వాంట్స్ టు హియర్ ఆంటీ టాక్. ఇంప్రూవ్‌మెంట్ లేదంటే ఇన్సూరెన్స్ వాళ్ళు థెరపీ ఆపేస్తారంట. నేనుంటేనే ఆంటీ మాట్లాడుతుంది. సో ఐ హావ్ టు బీ దేర్."

అది నాకు చెప్పలేదని నేను అనలేను. చెప్పింది. నేను విన్నాను కూడా.

కానీ ఆ వచ్చే శనివారం నుంచే కాలేజీ సీట్ల కోసం రాసే ఎస్ఏటీ పరీక్షకి కోచింగ్ మొదలు. పది నుంచి రెండు దాకా. నాలుగు నెలల ముందే సీటు దక్కించుకున్నాం. మొదటి క్లాసే మానేస్తే ఎలా? నేను అదే అన్నాను. "ఇరవై గంటలూ అయిపోయాయి కదే. ఇంకెందుకు? తా దూర కంత లేదు, మెడకో డోలా! వాళ్ళ హాస్పిటల్ వాళ్ళు చూసుకుంటారులే."

"నేను చెప్పాను కదా ఆంటీకి," అంది.

"ఏం చెప్పావ్?"

"వెళ్ళొస్తా అని."

నేను ఫక్కున నవ్వాను. "అది అందరం అనే మాటే కదే! అదేమన్నా ఒట్టా? గుమ్మం దాటేటప్పుడు పోతున్నా అనకూడదని అలా అంటాం, అంతే."

అది నా వైపు తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. "నువ్వే కదా చెప్పావ్. కిండర్‌గార్టెన్‌కి వెళ్ళేటప్పుడు. పోతున్నా అనకు, వెళ్ళొస్తా అను, వెళ్ళొస్తా అంటే మళ్ళీ వస్తానని అర్థం అని. యూ టోల్డ్ మీ ఇట్ మీన్స్ ఐ విల్ కమ్ బ్యాక్."

నిజమే, నేనే చెప్పాను. మనకి ఆ మాట నోటికి పట్టిన అలవాటు. చావింటి నుంచి తప్ప ఏ ఇంటి నుంచి లేచినా అనేస్తాం, మళ్ళీ ఆ గడప తొక్కమని తెలిసినా అనేస్తాం. ఇక్కడ పుట్టిన పిల్లకి ఆ అలవాటు లేదు. నేను నేర్పిన ప్రతి తెలుగు మాటా అది అర్థంతో సహా నేర్చుకుంది. నా భాషని నాకంటే నమ్మింది పిచ్చిది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. మాటకి మాట వాదిస్తోందని, "నోరు మూసుకుని కూర్చో" అన్నాను.

అది ఫోన్ చేసి రాలేనని చెప్పింది. అవతలివాళ్ళు "నో ప్రాబ్లమ్, స్వీటీ" అన్నారట. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత, "ఆదివారం తీసుకెళ్తావా?" అంది. సరేనన్నాను. ఆ ఆదివారం మావారు వచ్చారు, ఇంట్లో భోజనాలు. పై ఆదివారం నాకు జ్వరం. ఆ తరవాత దానికి కెమిస్ట్రీ పరీక్ష. వచ్చే వారం చూద్దాం, వచ్చే వారం చూద్దాం. ఈ లోపల నేను ప్రతి వారం కూరలకి ఆ రోడ్డు మీదే వెళ్ళాను. రెండు సిగ్నళ్ళు దాటితే చాలు. ఒక్కసారైనా నేనొక్కదాన్నయినా లోపలికి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని నాలుగు తెలుగు మాటలు మాట్లాడొచ్చు. పిల్లకంటే నాకు తెలుగు బాగా వచ్చు కదా! ఆ ఆలోచనే రాలేదంటే నమ్మండి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అని ఎంతమందిని తిట్టుంటానో. నన్ను అలా తిట్టేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

అడగడం మానేసింది మా అమ్మాయి. అది నాకు తేలిగ్గానే అనిపించింది.

ఆ ఆఖరి శనివారం అయిన ఏడెనిమిది వారాలకి, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మళ్ళీ స్ట్రోక్ వచ్చి పోయారని, శనివారం తెలుగు చర్చిలో ప్రార్థన అని, కింద కొడుకు పేరు. వంటింట్లో నిలబడి ఆ ఫోటో చూశాను. ఫోటోలో ఆవిడ తెల్లకోటు వేసుకుని, మెడ నిటారుగా పెట్టుకుని నవ్వుతున్నారు. మా అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పకుండా దాచేద్దామా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. చివరికి ఫోన్ దాని చేతికిచ్చాను. అది చూసింది, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఏడుపు బయటికి వినపడలేదు. నేనే తలుపు ఇవతల నేలమీద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు బడినుంచి వస్తూ ఒక కవరు తెచ్చుకుంది. శనివారం ఎస్ఏటీ క్లాసు ఉందని అది గుర్తుచేయలేదు, నేనూ చేయలేదు.

చర్చి నిండా జనం. ఆవిడ పాడే పాటే కాబోలు, అందరూ పాడారు. ప్రార్థన అయ్యాక వెనక హాల్లో భోజనాలు పెట్టారు. కొడుకు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుంటున్నాడు. ముప్పై రెండు ముప్పై మూడేళ్ళుంటాయి, అచ్చం తల్లి ముక్కు. మా అమ్మాయి తిన్నగా వెళ్ళి తనెవరో చెప్పింది. నేను వెనకే వెళ్ళాను.

"ఓ, స్కూల్ కిడ్స్ మైక్రోస్కోప్ తెచ్చేవాళ్ళని చెప్పారు," అన్నాడు. "అమ్మకి నచ్చి ఉంటుంది. థాంక్యూ సో మచ్. అమ్మ ఏమీ చెప్పలేదులెండి. స్ట్రోక్ తర్వాత అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నేను వీడియో కాల్ చేస్తే చూసి ఏడ్చేది, అంతే. లాస్ట్‌లో థెరపీ కూడా ఆపేశారు, నో రెస్పాన్స్ అని."

"షీ టాక్డ్," అంది మా అమ్మాయి. "ఆంటీ మాట్లాడింది."

అతను అర్థంకానట్టు చూశాడు. అది కవరులోంచి కాగితాలు తీసి ఇచ్చింది. వాళ్ళ టీచర్‌ని అడిగి వెనక్కి తెచ్చుకున్న షీట్లు, ఎనిమిదీ. ప్రతిదాని మీదా నా సంతకం ఉంది.

మొదటిది నిలబడే చదివాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు, ఒక్కో మాట పైకి అనుకుంటూ. "పొర." రెండోదానికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఉప్పు. నీళ్ళు. అయ్యో." అతని భుజం మీదుగా నేనూ అప్పుడే మొదటిసారి చదివాను. ఎన్ని మాటలు! వేలు. చెయ్యి. ఎరుపు. బస్సు. మా ఆయన. ఏ మాట ఎంతసేపటికి వచ్చిందో, ఏం చూపిస్తే వచ్చిందో, పక్కన రాసింది. ఏ మాటకి నవ్వారో, ఏ మాటకి ఏడ్చారో కూడా. కొన్నిచోట్ల అతను ఆగిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. భోజనం ప్లేటు పట్టుకుని ఎవరో వచ్చి, చూసి వెళ్ళిపోయారు.

ఎనిమిదో కాగితం దగ్గర చాలాసేపు ఆగాడు. అందులో ఉన్నది ఇది: ఆంటీ వాళ్ళబ్బాయి ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నావా" అని అడగాలనుకుంటోంది. ఈ రోజంతా అదే ప్రాక్టీస్ చేశాం. "అన్నం" అనగలదు. "తిన్నావా" అనగలదు. రెండూ కలిపి ఇంకా రావడం లేదు. వచ్చే వారం వస్తుంది.

అతను ఆ కాగితం తిప్పి వెనక చూశాడు. కవరులో చెయ్యి పెట్టి వెతికాడు. తలెత్తి మా అమ్మాయిని అడిగాడు, "నెక్స్ట్ వీక్ పేపర్ ఏది?"

అది నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. నా మీద ఒక్క మాట చెప్పడానికి దానికి నోరు రాలేదు.

"లేదు బాబూ," అన్నాను నేను. "ఆ తర్వాత నేను అమ్మాయిని అక్కడికి తీసుకెళ్ళలేదు."

అతను మర్యాదస్తుడు. "ఏమైనా ప్రాబ్లమ్ వచ్చిందా ఆంటీ? హెల్త్ ఇష్యూ ఏమైనా?" అన్నాడు. ఔనంటే సరిపోయేది. నాకు జ్వరం వచ్చిన మాట నిజమే కదా.

"ఏమీ లేదు బాబూ," అన్నాను. "దానికి కావలసిన గంటలు అయిపోయాయి."